బొగ్గు బూడిదతో ఇటుకల యూనిట్: పీఎంఈజీపీ కింద దరఖాస్తు విధానం

మన దేశపు బొగ్గులో సాధారణంగా 30 నుంచి 45 శాతం దాకా బూడిదే ఉంటుంది కాబట్టి, రామగుండం, జైపూర్, పాల్వంచ, చెల్పూరు థర్మల్ కేంద్రాల దగ్గర అది రోజూ పోగుపడుతూనే ఉంటుంది. ఆ బూడిదతో ఇటుకలు చేసే కొత్త యూనిట్ పెట్టదలచినవారు ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం (పీఎంఈజీపీ) కింద రాయితీతో బ్యాంకు రుణానికి దరఖాస్తు చేసుకోవచ్చు. కింది పరిమితులు 2021-22 నుంచి 2025-26 వరకు కొనసాగించిన పథకానివి.

దరఖాస్తుదారుకు 18 ఏళ్లు నిండాలి. తయారీ యూనిట్ వ్యయం 10 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత తప్పనిసరి. గరిష్ఠ వ్యయం 50 లక్షలు; ఇందులో స్థలం ధర కలపకూడదు. భార్యాభర్తల్లో ఒక్కరికే అవకాశం ఉంటుంది. రాయితీ సాధారణ వర్గాలకు పట్టణంలో 15, గ్రామంలో 25 శాతం కాగా, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు, మాజీ సైనికులు, దివ్యాంగులకు పట్టణంలో 25, గ్రామంలో 35 శాతం. ఉదాహరణకు, గ్రామంలో 20 లక్షల యూనిట్ పెట్టే మహిళ సొంతంగా లక్ష రూపాయలు పెట్టాలి, మిగతా 19 లక్షలు బ్యాంకు మంజూరు చేస్తుంది, అందులో 7 లక్షలు తర్వాత రాయితీగా సర్దుబాటు అవుతాయి.

పోర్టల్ తెరవడానికి ముందే బూడిద సంగతి తేల్చుకోవాలి. నా దృష్టిలో మొత్తం ప్రక్రియలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. బాయిలర్ పొగలోంచి యంత్రాలు పట్టి సైలోలో, అంటే ఎత్తైన నిల్వ తొట్టిలో, నింపే పొడి బూడిద మెత్తగా ఉండి, సున్నంతో గానీ సిమెంటుతో గానీ కలిసినప్పుడు బాగా గట్టిపడుతుంది. నీటితో కలిపి చెరువులోకి వదిలిన బూడిదలో ముతక రేణువులు ఎక్కువగా ఉండడంతో అదే పాళ్లలో కలిపినా ఇటుకకు అంత బలం రాదు. అందువల్ల ఏ రకం బూడిద, నెలకు ఎంత, రవాణా ఎవరిదన్న విషయాలపై థర్మల్ కేంద్రం నుంచి రాతపూర్వక హామీ తీసుకుని ప్రాజెక్టు రిపోర్టుకు జతచేస్తే, ముడిసరుకు గురించి బ్యాంకు అధికారి అడిగే మొదటి ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది. బూడిదను పూర్తిగా వినియోగంలోకి తేవాలని 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ థర్మల్ కేంద్రాలకు నిర్దేశించింది కాబట్టి, నిస్సంకోచంగా అడగవచ్చు.

తర్వాత పథకం పోర్టల్‌లో వ్యక్తిగత దరఖాస్తు ఎంచుకుని, ఆధార్‌లో ఉన్నట్టే పేరు నమోదు చేసి, జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని ఏజెన్సీగా, మీ ఖాతా ఉన్న శాఖను బ్యాంకుగా చూపించాలి. ఫొటో, ప్రాజెక్టు రిపోర్టు, చదువు ధ్రువపత్రం, వర్తిస్తే కుల ధ్రువపత్రం, గ్రామీణ ప్రాంత ధ్రువపత్రం అప్‌లోడ్ చేయాలి. పరిశీలన ముగిశాక ఏజెన్సీ దాన్ని బ్యాంకుకు పంపుతుంది. రుణం ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు నిర్ణయమే. షెడ్డు కట్టే ముందు తెలంగాణ ప్రభుత్వ ఐపాస్ పోర్టల్ ద్వారా పరిశ్రమ అనుమతులు, కాలుష్య నియంత్రణ మండలి నిబంధనలు కూడా చూసుకోవాలి. చిన్న పరిశ్రమగా గుర్తింపునిచ్చే ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు; దానికి డబ్బు అడిగే దళారులకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

పారిశ్రామికవేత్తల శిక్షణ పూర్తయి, రుణం విడుదలయ్యాక బ్యాంకు మీ రాయితీ సొమ్మును ప్రభుత్వం నుంచి కోరుతుంది. ఆ మొత్తం మూడేళ్లు మీ పేరిట వడ్డీలేని డిపాజిట్‌గా ఉంటుంది, ఆ మేరకు రుణంపైనా వడ్డీ పడదు. యూనిట్‌ను ప్రత్యక్షంగా తనిఖీ చేశాకే అది రుణ ఖాతాలో జమవుతుంది కాబట్టి బూడిద లారీల రశీదులు, ఇటుకల పరీక్ష నివేదికలు, అమ్మకపు బిల్లులు మొదటి నెల నుంచే భద్రపరచాలి.