పీసీఓఎస్‌లో బరువు తగ్గకపోతే: ఎక్కడ ఆగిందో చూసి సరిచేసుకోవడం

పీసీఓఎస్ (అండాశయాల పనితీరు, హార్మోన్లు గాడి తప్పే సమస్య) ఉందని తెలిసిన అమ్మాయి మొట్టమొదట వినే మాట "బరువు తగ్గమ్మా". ఎలా తగ్గాలో, తగ్గకపోతే ఎందుకు తగ్గట్లేదో కూర్చుని చెప్పేవాళ్లు తక్కువ. ఓపీలో అంత టైం ఉండదు. ఇంట్లో "అన్నం మానెయ్" అంటారు. మానేస్తుంది, రెండు వారాలకు నీరసం వచ్చి మళ్లీ మొదటికొస్తుంది, "నాకు కంట్రోల్ లేదు" అని తనని తనే తిట్టుకుంటుంది. ఆ తిట్లు అనవసరం. బరువు ఆగిపోవడానికి దాదాపు ప్రతిసారీ ఒక కారణం దొరుకుతుంది.

ముందు లోపల జరిగేది నాలుగు మాటల్లో. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఇన్సులిన్ (రక్తంలోని చక్కెరను అదుపు చేసే హార్మోన్) చేయాల్సినంత పని చేయదు, అందుకని శరీరం దాన్ని ఇంకా ఎక్కువగా తయారు చేస్తుంది. ఆ అదనపు ఇన్సులిన్ వల్ల అండాశయాల్లో మగ హార్మోన్లు పెరుగుతాయి. వాటిని రక్తంలో పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా తయారు చేస్తుంది. దాంతో అండం విడుదల కాదు, నెలసరి తప్పుతుంది, గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి, మెడ వెనక నల్లబడుతుంది. స్కానింగ్‌లో కనిపించే "నీటిబుడగలు" కరిగించాల్సిన గడ్డలు కావు. అవి ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు. కాబట్టి మన గురి బుడగల మీద కాదు, ఇన్సులిన్ మీద ఉండాలి.

"పొద్దున ఏమీ తినను, మధ్యాహ్నం కొంచెమే తింటాను. అయినా తగ్గట్లేదు"

ఎక్కువగా వినిపించే మాట ఇదే, ఓపిగ్గా చూడాల్సిందీ ఇదే. కారణం సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది.

మొదటిది ప్రొటీన్. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 65 కిలోల మనిషికి సుమారు 54 గ్రాములు. ఇప్పుడు మన ఇళ్లలో మామూలు రోజు చూడండి: పొద్దున నాలుగు ఇడ్లీలు, రెండు పూటలా అన్నం, పప్పుచారు, ఒక వేపుడు, చివర్లో పెరుగు. అంతా కలిపితే 35 గ్రాముల దగ్గర ఆగిపోతుంది, అందులో సగం వరకు అన్నం నుంచి వచ్చిందే. పప్పుచారులో పప్పు కంటే చారే ఎక్కువ కదా. ప్రొటీన్ తక్కువైన భోజనం కడుపు నింపుతుంది కానీ ఎక్కువసేపు ఆపదు. పగలు ఆపుకున్న ఆకలంతా రాత్రి 9 గంటలకు ఒకేసారి మీద పడుతుంది.

రెండోది నూనె. దీన్ని ఎవరూ కొలవరు. ముగ్గురున్న ఇంట్లో అయిదు లీటర్ల క్యాన్ నెలలో ఖాళీ అయిందంటే మనిషికి రోజుకు దాదాపు 50 గ్రాముల నూనె వెళ్లినట్టు. అంటే 450 క్యాలరీలు, కంటికి కనపడకుండా. కూర తాలింపు, చట్నీ తాలింపు, దోసె చుట్టూ వేసేది, ఆవకాయ పైన తేలేది, అన్నీ అందులోవే. కొత్త క్యాన్ మూత తీసిన రోజు దాని మీద మార్కర్‌తో తేదీ రాసిపెట్టండి. ఎన్ని రోజులు వచ్చిందో చూస్తే చాలు, ఇంకే యాప్ అక్కర్లేదు. మనిషికి నెలకు లీటరు లోపు రావాలి.

మూడోది అన్నం కొలత. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పుకు సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి, అంటే 520 క్యాలరీలకు పైగా. పూటకు ఒక కప్పు తింటున్నవాళ్లు దాన్ని సగం చేసి, ఆ ఖాళీలో కూరా పప్పూ పెంచితే ఆకలి లేకుండానే రోజుకు 300 క్యాలరీల వరకు తగ్గించవచ్చు. అన్నం పూర్తిగా మానేయమని నేను చెప్పను. మానేసినవాళ్లలో ఎక్కువమంది దాన్ని మూడు నెలలు కూడా నిలబెట్టలేరు.

సరిచేసే పద్ధతి: పళ్లెంలో అన్నం ఆఖరుకు రావాలి. సగం పళ్లెం కూరగాయలు, పావు వంతు ప్రొటీన్, మిగిలిన పావులో అన్నమో రొట్టో. తినేటప్పుడు కూడా కూర, పప్పు, గుడ్డు ముందు తిని అన్నం చివర్లో తింటే భోజనం తర్వాత షుగర్ అంత వేగంగా పెరగదు. ప్రొటీన్ పెంచడానికి డబ్బాల పొడి కొననక్కర్లేదు. రెండు గుడ్లకు 12 గ్రాములు. 30 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌కు 15 గ్రాములు. గుప్పెడు శనగలు నానబెట్టి గుగ్గిళ్లు చేస్తే దాదాపు 10 గ్రాములు. నాలుగు ఇడ్లీల బదులు రెండు పెసరట్లు, ఉప్మా లేకుండా. చేపల పులుసు చేసిన రోజు ముక్కలు ఎక్కువ, పులుసన్నం తక్కువ.

పొద్దున టిఫిన్ మానేయడం తప్పని నేననను. కొందరికి అది బాగానే కుదురుతుంది. కానీ మానేసిన రోజు రాత్రి వంటింట్లోకి రెండోసారి వెళ్తున్నారంటే అది మీకు పడని పద్ధతి.

"మిల్లెట్లకు మారాను, ఏమీ తేడా లేదు"

వంద గ్రాముల జొన్నపిండిలోనూ వంద గ్రాముల బియ్యంలోనూ క్యాలరీలు దాదాపు ఒకటే, 350కి అటూ ఇటూ. తేడా పీచులో ఉంది: బియ్యంలో 3 గ్రాముల లోపు, జొన్నలో 10 గ్రాముల దగ్గర. ఆ పీచు వల్ల తక్కువతో కడుపు నిండాలి. కానీ "ఆరోగ్యానికి మంచిదే కదా" అని మూడు పెద్ద రొట్టెలు తింటే లాభం పోయినట్టే. రాగిజావ సంగతి ఇంకోటి. మెత్తగా పట్టించి, ఉడికించి, బెల్లం కలిపి తాగితే అది చాలా తొందరగా అరిగి షుగర్‌ను పైకి లేపుతుంది. రాగి తినాలనుకుంటే సంకటి కొంచెం పెట్టుకుని, పక్కన ఆకుకూర పప్పో నాటుకోడి కూరో ఉంచుకోండి.

బియ్యం వదలలేనివాళ్లకు ఒక మంచి మాట. తెలంగాణ సోనా అని పిలిచే ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) 55 లోపే ఉంటుంది, అంటే తక్కువ వర్గం. దొరికితే వాడండి, అయితే కొలత మాత్రం మార్చకండి.

ఇక్కడే ఇంకో మాట. పాలు మానేయండి, గోధుమ మానేయండి, కొబ్బరినూనె తాగండి, పొద్దున్నే మెంతుల నీళ్లు తాగండి అని రోజుకొకరు చెప్తుంటారు. పీసీఓఎస్‌కు ఫలానా డైట్ మిగతావాటికంటే మేలు అనడానికి ఆధారం లేదని 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. మీరు ఏడాది పాటు తినగలిగేదే మీకు మంచి డైట్. పాలు పడకపోతే మానండి, పడితే తాగండి.

"నాలుగింటికి స్వీటో చెగోడీలో పడకపోతే చేతులు వణుకుతాయి"

దీనికి కారణం మధ్యాహ్నం భోజనంలో ఉంటుంది. అన్నం ఎక్కువ, మిగతావి తక్కువ తిన్న రోజు షుగర్ గబుక్కున పెరుగుతుంది, ఇన్సులిన్ ఎక్కువగా వస్తుంది, రెండు మూడు గంటలకు షుగర్ పడిపోతుంది. ఆ సమయంలో మనసు గట్టి చేసుకోమంటే కుదరదు. వారం రోజులు మధ్యాహ్నం ప్రొటీన్ పెంచి చూడండి, నాలుగింటి ఆరాటం తగ్గుతుంది. అప్పటికీ ఆకలేస్తే వేయించిన పల్లీలు గుప్పెడు, లేదా ఒక కప్పు మజ్జిగతో గుగ్గిళ్లు. టీ రోజుకు నాలుగుసార్లు, రెండేసి చెంచాల చక్కెరతో తాగేవాళ్లు అక్కడే 130 క్యాలరీలకు పైగా తీసుకుంటున్నారు. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ వస్తే నాలుక అలవాటు పడిపోతుంది.

నిద్ర ఎన్ని గంటలో కూడా చూసుకోండి. అయిదు గంటలు పడుకున్న మర్నాడు ఆకలి పెరగడం ఎవరికైనా అనుభవమే. గురక గట్టిగా వస్తూ, పగలంతా మత్తుగా ఉంటే మాత్రం అది నిద్రలో ఊపిరి ఆగే సమస్య కావచ్చు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. డాక్టరుకు చెప్పండి, గురకే కదా అని ఊరుకోకండి.

"మొదట నాలుగు కిలోలు తగ్గాను, తర్వాత ముల్లు కదలట్లేదు"

మొదట తగ్గినదాంట్లో కొంత నీరు. తర్వాత వేగం తగ్గడం మామూలే. బరువు తగ్గిన శరీరానికి ఖర్చు కూడా తక్కువ, పైగా రెండో నెలకు కొలతలు కాస్త వదులవుతాయి. అన్నం గరిటె కొంచెం నిండుగా వస్తుంది, నూనె సీసా కొంచెం ఎక్కువ వంగుతుంది. ఒక వారం మళ్లీ కప్పుతో కొలవండి.

అయితే అంతకంటే ముందు టేపు తీయండి. వారానికి ఒకసారి, పొద్దున్నే, బొడ్డు దగ్గర నడుము కొలత రాసుకోండి. కండరాల వ్యాయామం మొదలుపెట్టినవాళ్లలో బరువు కదలకుండా నడుము తగ్గడం చాలా మామూలు. మన ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం మొదలైనట్టు, బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువే. పాశ్చాత్యుల 25 లెక్క మనకు వర్తించదు.

నడక ఒక్కటే చేస్తున్నారా? వారానికి 150 నిమిషాల నడక మంచిదే, బరువు తగ్గాలంటే 250 నిమిషాల వైపు వెళ్లాలి. కానీ దానికి తోడు వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. భోజనం తర్వాత రక్తంలోకి వచ్చిన చక్కెరను ఎక్కువగా తీసుకునేవి కండరాలే. జిమ్ అవసరం లేదు. కుర్చీలో కూర్చుని లేవడం పదిహేనుసార్లు, గోడకు చేతులు ఆనించి పుషప్స్, రెండు లీటర్ల నీళ్ల బాటిళ్లు పైకెత్తడం. కష్టం అనిపించే చోటు దాకా చేయాలి. అప్పుడే అది వ్యాయామం.

"పెద్దగా తగ్గలేదు, కానీ ఈ నెల డేట్ వచ్చింది"

ఇది సమస్య కాదు, మీరు సరైన దారిలో ఉన్నారనడానికి గుర్తు. 70 కిలోల మనిషి మూడున్నర నుంచి ఏడు కిలోలు తగ్గినా, అంటే 5 నుంచి 10 శాతం తగ్గినా, చాలామందిలో అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. పెళ్లయి, ఇప్పుడే పిల్లలు వద్దనుకుంటున్నవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. "నాకెలాగూ నెలసరి రాదు" అని అనుకునే రోజులు పోయాయి. ఇన్సులిన్ బాగా పనిచేయడానికి డాక్టర్లు రాసే మెట్‌ఫార్మిన్ ట్యాబ్లెట్ గర్భం రాకుండా ఆపదు.

గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు మాత్రం ఇంత తొందరగా తగ్గవు. వెంట్రుక పెరిగే తీరే అలాంటిది, మందు వాడినా కనీసం ఆరు నెలలు పడుతుంది. అందాకా థ్రెడింగ్, లేజర్ చేయించుకోవడంలో తప్పేమీ లేదు.

"నేను సన్నగానే ఉన్నాను, నాకూ డైట్ ఎందుకు?"

బరువు తగ్గడానికి కాదు. సన్నగా ఉన్నవాళ్లలోనూ ఇన్సులిన్ సమస్య ఉండవచ్చు. మీరు క్యాలరీలు తగ్గించకూడదు, పళ్లెం అమరిక మార్చుకుని కండరాల వ్యాయామం చేస్తే చాలు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష బరువుతో సంబంధం లేకుండా పీసీఓఎస్ ఉన్న అందరికీ కావాలి. పరగడుపు షుగర్ నార్మల్‌గా ఉందని ఆగిపోకండి.

"మెట్‌ఫార్మిన్ వేసుకుంటే కడుపు పాడవుతోంది"

ఖాళీ కడుపుతో వేసుకోవడం, ఒకేసారి పెద్ద డోసు మొదలుపెట్టడం, ఎక్కువగా ఈ రెండే కారణం. భోజనం మధ్యలో వేసుకోండి. తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచమని, లేదా నిదానంగా విడుదలయ్యే రకం రాయమని డాక్టర్ని అడగండి. ఏళ్ల తరబడి వాడేవాళ్లు, ముఖ్యంగా శాకాహారులు, విటమిన్ బీ12 రక్తపరీక్ష చేయించుకోవాలి.

"వారమంతా కట్టుదిట్టం, ఆదివారం అదుపు లేకుండా తినేస్తాను"

పీసీఓఎస్ ఉన్నవాళ్లలో టెన్షన్, డిప్రెషన్, ఇలా ఒక్కసారిగా తినేయడం మిగతావారికంటే ఎక్కువ. కారణం బలహీనత కాదు. సోమవారం నుంచి శనివారం దాకా మరీ తక్కువ తినడం ఒక కారణం. ఇంటికొచ్చిన ప్రతి బంధువూ "ఏంటే ఇంత లావయ్యావు, సంబంధాలు ఎలా వస్తాయి" అనడం ఇంకో కారణం. మొదటిదానికి వారం మధ్యలోనే ఇష్టమైనది ఒకటి పెట్టుకోండి. బుధవారం ఒక పూతరేకు తింటే ఆదివారం డబ్బా ఖాళీ కాదు. రెండోదానికి అమ్మే అడ్డుపడాలి. అమ్మలు ఇది చదువుతుంటే దయచేసి కూతురి తరఫున ఆ ఒక్క మాట ఆపండి. తిన్నాక వాంతి చేసుకోవడం, దాచుకుని తినడం దాకా వెళ్తే డైట్ పక్కన పెట్టి ముందు మానసిక వైద్యుల్ని కలవండి.

"మూడు నెలలు దాటింది, డేట్ రాలేదు. ఇంకొంచెం తగ్గాక చూద్దామనుకుంటున్నాను"

చూడకండి. ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. అది కాదని తేలితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. 90 రోజులు దాటినా నెలసరి రాకపోతే గర్భాశయం లోపలి పొర మందమవుతూ పోతుంది. ఏళ్ల తరబడి అలా వదిలేస్తే అది క్యాన్సర్ వైపు మళ్లే ప్రమాదం ఉంది. ప్రొజెస్టిరాన్ ట్యాబ్లెట్లతోనో, గర్భనిరోధక పిల్స్‌తోనో ఆ పొర రాలిపోయేలా చేస్తారు. మైగ్రేన్, బీపీ, ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే పిల్స్ రాసేముందే చెప్పండి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు ఇంతవరకు చేయించకపోతే ఇప్పుడే చేయించమని అడగండి, ఎందుకంటే అవి తేడాగా ఉన్నా డేట్ తప్పుతుంది. మందులు వాడుతున్నంత కాలం పళ్లెం మార్పు, వ్యాయామం అలాగే సాగనివ్వండి. ఒకటి మొదలైందని రెండోది ఆపనక్కర్లేదు.