జాక్‌రాబిట్‌లో మెర్జ్ చేశాక చెక్‌ఇన్ అవ్వట్లేదా? ముందు ఇది చూడండి

సమస్య: జాక్‌రాబిట్‌లో (పేజీల్లాంటి కంటెంట్‌ని వెర్షన్లతో సహా దాచే జావా రిపాజిటరీ) డ్రాఫ్ట్, లైవ్ అని రెండు వర్క్‌స్పేస్‌లు (కంటెంట్‌ని విడివిడిగా ఉంచే చోట్లు) పెట్టుకున్నారు. డ్రాఫ్ట్‌లో మార్చిన పేజీని లైవ్‌లోకి మెర్జ్ చేస్తే ఎర్రర్ ఏమీ రాలేదు, కానీ లైవ్‌లో పాత పేజీయే కనిపిస్తోంది. పోనీ చేత్తో దిద్దేద్దామని చెక్‌అవుట్ చేసి (అంటే దిద్దడానికి తెరిచి), దిద్ది, చెక్‌ఇన్ (అంటే కొత్త వెర్షన్‌గా భద్రపరచడం) కొడితే వెర్షన్ ఎక్సెప్షన్. సర్వర్ రీస్టార్ట్ చేసినా, సెర్చ్ ఇండెక్స్ మళ్లీ కట్టినా ఉపయోగం లేదు, అటు పోకండి.

లైవ్‌లో ఆ పేజీ నోడ్ (రిపాజిటరీలో ఆ పేజీ ఎంట్రీ) ప్రాపర్టీల్లో జేసీఆర్:మెర్జ్‌ఫెయిల్డ్ ఉందేమో చూడండి. దాదాపు ఖాయంగా ఉంటుంది.

కారణం: వర్క్‌స్పేస్‌లు వేరైనా ఆ పేజీకి వెర్షన్ హిస్టరీ ఒక్కటే. రెండుచోట్లా 1.1 ఉన్నప్పుడు డ్రాఫ్ట్‌లో కొత్త పేరా రాసి చెక్‌ఇన్ చేస్తే 1.2 వచ్చింది, ఈలోపు ఎవరో అర్జెంటని లైవ్‌లోనే ఫోన్ నంబర్ సరిచేసి చెక్‌ఇన్ చేశారు, 1.2 అనే పేరు అప్పటికే ఉంది కాబట్టి అది 1.1.0 అయింది. (పాత వెర్షన్‌ని రీస్టోర్ చేసి అక్కణ్నుంచి దిద్దినా ఇలాగే కొమ్మ చీలుతుంది.) ఇప్పుడు ఒకటి ఇంకోదాని తర్వాతది కాదు. జాక్‌రాబిట్ గిట్‌లాగా లోపలి టెక్స్ట్ పోల్చి కలపదు, ఏ వెర్షన్ దేని తర్వాతదో మాత్రమే చూస్తుంది. అది తేలకపోతే, మెర్జ్ పిలిచేటప్పుడు బెస్ట్‌ఎఫర్ట్ అనే ఆప్షన్‌కి ట్రూ అని ఇచ్చి ఉంటే, నోరెత్తకుండా జేసీఆర్:మెర్జ్‌ఫెయిల్డ్‌లో రాసిపెట్టి మీ నిర్ణయం కోసం ఆగుతుంది. ఫాల్స్ ఇస్తే వెంటనే మెర్జ్ ఎక్సెప్షన్ వస్తుంది. నన్నడిగితే మొదట ఫాల్స్‌తోనే నడపండి, తెలియకుండా పోవడం కంటే విసుగు నయం.

పరిష్కారం: లైవ్ నోడ్‌ని చెక్‌అవుట్ చేసి, 1.2లో కావాల్సింది చేత్తోనే కలిపి, సేవ్ చేయండి. సేవ్ మర్చిపోతే తర్వాతి అడుగులో ఇన్వాలిడ్ ఐటమ్ స్టేట్ ఎక్సెప్షన్ వస్తుంది. ఆ తర్వాత 1.2 మీద డన్‌మెర్జ్ (కలపడం అయిపోయిందని చెప్పే కాల్) పిలిచి, చెక్‌ఇన్. దీంతో కొత్త వెర్షన్‌కి 1.1.0, 1.2 రెండూ ప్రిడిసెసర్లు (ముందటి వెర్షన్లు) అవుతాయి. ఇప్పుడు లైవ్ నుంచి డ్రాఫ్ట్‌కి ఎదురు మెర్జ్ చేస్తే (డ్రాఫ్ట్ నోడ్ చెక్‌ఇన్ అయి ఉండాలి) రెండూ మళ్లీ ఒకే దారిలోకి వస్తాయి.

క్యాన్సిల్‌మెర్జ్‌తో కూడా చెక్‌ఇన్ అవుతుంది, అందుకే చాలామంది అదే వాడేస్తారు. కానీ అది 1.2ని మెర్జ్‌ఫెయిల్డ్ జాబితాలోంచి తీసేస్తుందే తప్ప కొమ్మల్ని కలపదు, వచ్చే మెర్జ్‌లో ఇదే గొడవ మళ్లీ మొదలు. 1.2 నిజంగా అక్కర్లేకపోతేనే వాడండి.

ఇంకో చిన్నది. హిస్టరీలో కొన్ని వెర్షన్లు మాయమయ్యాయని టెన్షన్ పడుతుంటే, గెట్‌ఆల్‌లీనియర్‌వెర్షన్స్ పిలుస్తున్నారేమో చూడండి, అది పక్క కొమ్మల్ని చూపించదు. గెట్‌ఆల్‌వెర్షన్స్ వాడితే అన్నీ కనిపిస్తాయి.

జాక్‌రాబిట్ ఓక్ (జాక్‌రాబిట్ తర్వాతి తరం) మీద ఉన్నవాళ్లకి పై మెర్జ్ సంగతులు పనికిరావు. అక్కడ ఒకటికి మించి వర్క్‌స్పేస్‌లకు సపోర్ట్ లేదు కాబట్టి వాటి మధ్య మెర్జ్ కూడా ఉండదు.