పిల్లల సిరప్ కొనేటప్పుడు సీసా మీద ఏం చూడాలి

విజయవాడ సూర్యారావుపేటలో పిల్లల డాక్టరుకి చూపించి, మందు మాత్రం ఇంటి దగ్గర మెడికల్ షాపులో కొంటాం కదా, డబ్బులిచ్చే ముందు సీసా తిప్పి "ప్రతి 5 మి.లీ.లో" ఎంత మందు ఉందో రాసిన లైను చదవండి. ఇంగ్లీషులో సన్నక్షరాలతో ఉంటుంది. బ్రాండు పేరు కన్నా అదే ముఖ్యం.

పారాసెటమాల్‌నే చూడండి. ఒక సిరప్‌లో 5 మి.లీ.కి 125 మి.గ్రా., ఇంకోదాంట్లో 250, చంటిపిల్లల డ్రాప్స్‌లో అయితే ఒక్క మి.లీ.లోనే 100. పిల్లలకి డోసు బరువును బట్టి, మామూలుగా కిలోకి 15 మి.గ్రా. దాకా లెక్కేస్తారు. అంటే పది కిలోల పాపకి 150: మొదటి సిరప్ 6 మి.లీ., రెండోది 3, డ్రాప్స్ ఒకటిన్నర. డ్రాప్స్‌ని సిరప్ అనుకుని 6 పోశారంటే నాలుగింతలు పడ్డట్టే, కాలేయం మీదికి వస్తుంది! అందుకే చీటీలో ఉత్త మి.లీ. లెక్కే ఉంటే ఏ స్ట్రెంత్‌కో (అంటే 5 మి.లీ.కి ఎన్ని మి.గ్రా. ఉన్నదానికో) అడిగి రాయించుకోండి, షాపతను వేరే బ్రాండు ఇస్తే మళ్లీ చూడండి. కొలవడానికి సిరంజి వాడండి, వంటింటి చెంచా వద్దు. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరమొస్తే మాత్రం సొంతంగా ఏదీ వేయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

జలుబు సిరప్‌ల సంగతి వేరు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడొద్దని లేబుల్ మీద వేయమని కేంద్ర డ్రగ్స్ కంట్రోలర్ 2023లో కంపెనీలకు చెప్పారు. జ్వరానికి, నొప్పులకి వాడే నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకి 2011లోనే నిషేధించారు. "పోయినసారి తగ్గింది కదా" అని పెద్ద పిల్లాడి సీసా చిన్నదానికి పోయకండి.

బిల్లు తప్పకుండా తీసుకోండి, అందులో బ్యాచ్ నంబరు ఉందో లేదో చూడండి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగి పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు, అందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం తేలింది. రంగు చూసో, వాసన చూసో మనం దాన్ని పట్టుకోలేం. ఒక బ్యాచ్ వాడొద్దని ప్రకటిస్తే మన ఇంట్లో ఉన్నది అదేనా కాదా అన్నది ఆ నంబరే చెబుతుంది.

మందు పడ్డాక ఒంటి మీద దద్దుర్లు, విపరీతమైన మగత, మూత్రం తగ్గడం లాంటివి కనిపిస్తే సీసా పారేయకుండా దాంతోపాటే పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లండి. తర్వాత 1800-180-3024కి కూడా చెప్పండి, మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే జాతీయ టోల్‌ఫ్రీ నంబరు అది, ఆఫీసు వేళల్లో పనిచేస్తుంది. మందు పేరు, బ్యాచ్, ఎంత పోశారు, ఎప్పుడు పోశారు అన్నవి దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి.