ఉద్దానంలో జీడి మళ్లీ వేస్తున్నారా? గాలికి నిలిచేలా వేయండి

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు తాతల నాటి జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి కదా, అయినా కొత్త తోట వేసేవాళ్లు ముందు అడిగేది ఏ రకం ఎక్కువ కాస్తుందనే. బాపట్ల రకం బీపీపీ-8 అంటు మంచిదే, వేసుకోండి. కానీ చెట్టు నిలబడాలి ముందు.

నర్సరీలో పొడుగ్గా, ఏపుగా కనిపించే పాత అంటు తీసుకోవద్దు. సంచిలో ఎక్కువకాలం ఉన్న మొక్కకి తల్లివేరు అడుగున చుట్టలు చుట్టేసుకుంటుంది, నేలలో పెట్టాక కూడా అది సరిగ్గా కిందికి దిగదు, రేపు ఈదురుగాలికి ముందు ఒరిగేది ఆ చెట్టే. ఐదారు నెలల అంటు చాలు.

ఎండల్లోనే రెండడుగుల గోతులు తవ్వి ఆరనిచ్చి, పైమట్టిలో మాగిన పశువుల గెత్తం కలిపి నింపండి. 25 అడుగుల ఎడం పెడితే ఎకరాకి 70 మొక్కల దాకా పడతాయి. వానలు పడ్డాక నాటి, కర్ర పాతి వదులుగా కట్టండి. అంటు కట్టిన చోటు నేలకి రెండు అంగుళాలు పైనే ఉండాలి. అక్కడ చుట్టిన ప్లాస్టిక్ టేపు సంగతి చాలామంది మర్చిపోతారు. కాండం లావెక్కేకొద్దీ అది లోపలికి కోసుకుపోతుంది, సరిగ్గా అక్కడే విరుగుతుంది, కాబట్టి అంటు బాగా అతుక్కున్నాక బ్లేడుతో నిలువుగా ఒక గీటు పెట్టి ఊడదీయండి. అంటు కట్టిన చోటుకి కింద వచ్చే చిగుళ్లు ఎప్పటికప్పుడు గిల్లేయాలి, లేదంటే అంటు చచ్చిపోయి నాటు మొక్క మిగులుతుంది.

మొదటి రెండు మూడేళ్లు పూత తుంచేయండి. మనసొప్పదు, నిజమే, కానీ ఆ బలం వేరుకీ కాండానికీ పోవాలి. మూడడుగుల లోపు పక్కకొమ్మలు తీసేసి, పైకి ఎగబాకే కొమ్మ తల తుంచితే చెట్టు గొడుగులా పొట్టిగా పరుచుకుంటుంది. పిక్కలు ఏరడం అయిపోయాక ఏటా ఎండుకొమ్మలు, ఒకదాని మీద ఒకటి పడ్డ కొమ్మలు కోసేస్తే గాలి మధ్యలోంచి వెళ్లిపోతుంది. కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి.

సముద్రం వైపు గట్టు మీద సరుగుడు రెండు మూడు వరసలు తప్పనిసరి.

ఇంకొక్కటి, కాండం తొలుచు పురుగు. చెట్టు మొదలు దగ్గర రంపపుపొట్టు, జిగురు కనిపిస్తే లోపల అది ఉన్నట్టే, డొల్లైన కాండం చిన్న గాలికే పడిపోతుంది. బెరడు చెక్కి పురుగుల్ని ఏరేసి, లీటరు నీళ్లకి 50 మి.లీ. వేపనూనె కలిపి మూడడుగుల ఎత్తు దాకా, పైకి తేలిన వేళ్లకి కూడా పూయండి.