రాత్రంతా రికార్డింగ్ పెట్టి ఇంటికెళ్లే ముందు

ఇంజిన్ మీదో, కాంక్రీటు దూలం మీదో రాత్రంతా నడిచే పరీక్ష పెట్టి వెళ్తాం. పొద్దున వచ్చేసరికి ఒంటిగంట దగ్గరే డేటా ఆగిపోయి, తెర మీద డివైస్ దొరకడం లేదన్న ఎర్రర్ ఉంటుంది. అందరి అనుమానమూ సెన్సర్ల సిగ్నళ్లను అంకెలుగా మార్చి యూఎస్‌బీ మీదుగా పీసీకి పంపే డేటా అక్విజిషన్ బాక్సు మీదికే పోతుంది. నా లెక్కలో ముందు చూడాల్సింది పీసీని, తర్వాత కేబుల్‌ని, ఆ తర్వాతే బాక్సుని.

పీసీలో స్లీప్, హైబర్నేట్ ఆపాలని చాలామందికి తెలుసు. మర్చిపోయేది యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్, అంటే వాడకంలో లేదనుకున్న యూఎస్‌బీ డివైస్‌ను విండోస్ నిద్రపుచ్చే ఏర్పాటు. పవర్ ఆప్షన్స్‌లో దాన్ని ఆపండి. డివైస్ మేనేజర్‌లో ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిచి, కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ను ఆపొచ్చు అన్న టిక్ కూడా తీసేయండి. విండోస్ అప్‌డేట్లను వారం పాటు పాజ్‌లో పెట్టండి.

యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్ వేస్తే పగలంతా బాగానే నడిచి, మోటారు స్టార్ట్ అయిన క్షణంలో కనెక్షన్ తెగుతుంది. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టు వద్దు, వెనక మదర్‌బోర్డు పోర్టుకే నేరుగా పెట్టండి. ఒక యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. సొంత అడాప్టర్ లేని హబ్‌కు బాక్సు, మౌస్, పెన్‌డ్రైవ్ అన్నీ తగిలిస్తే ఆ కాస్త కరెంటునే అవి పంచుకోవాలి. మోటారు స్పీడు మార్చే వీఎఫ్‌డీ ఉంటే దాని తీగలతో కలిపి ఈ కేబుల్‌ని టై వేసి కట్టొద్దు.

గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్‌ల మధ్య అనవసరంగా కరెంటు తిరిగి రీడింగుల్ని చెడగొట్టడం, కాస్త మొండిది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. రీడింగుల్లో వణుకు తగ్గితే దొంగ దొరికినట్టే. అలాగని ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి, ప్రాణం మీదికొస్తుంది. పీసీకి, బాక్సుకు మధ్య కరెంటు దారిని తెంచి డేటాను మాత్రమే పంపే యూఎస్‌బీ ఐసొలేటర్ పెట్టుకోవచ్చు. కొనేముందు దాని స్పీడు చూసుకోండి, చవకవి చాలావరకు సెకనుకు 12 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతాయి.

డిస్కు లెక్క కూడా ముందే వేసుకోవాలి. 8 చానళ్లు (సిగ్నల్ వచ్చే దారులు), ఒక్కో చానల్‌కు సెకనుకు 10,000 శాంపిళ్లు (రీడింగులు), ఒక్కో శాంపిల్‌కు 8 బైట్లు అనుకుంటే గంటకు 2.3 జీబీ. రాసేది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ పెన్‌డ్రైవ్ మీదికైతే ఒక్క ఫైలు 4 జీబీ దాటదు, అంటే రెండో గంట ముగియకముందే ఆట ముగుస్తుంది. గంటకో కొత్త ఫైలు మొదలయ్యేలా పెట్టండి.

నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ బాక్సుల్లో -200279 అనే ఎర్రర్ నంబరు వస్తే బాక్సు పాడైందని కాదు. డేటా వచ్చే వేగానికి మీ ప్రోగ్రామ్ చదవలేకపోతోంది, డేటా తాత్కాలికంగా నిలిచే బఫర్‌లో పాతది చెరిగిపోతోంది. ఒక్కసారికి ఎక్కువ శాంపిళ్లు చదివించండి. -200284 అంటే అడిగిన శాంపిళ్లు ఇంకా రాలేదని. రికార్డింగ్ మొదలుపెట్టమనే ట్రిగ్గరో, ఎప్పుడెప్పుడు కొలవాలో చెప్పే బయటి క్లాకో అందుతోందా చూడాలి.

వెళ్లేముందు ఒక చానల్‌కు 1.5 వోల్టుల సెల్లు తగిలించి, మల్టీమీటర్ రీడింగుతో పోల్చండి. అది సరిగ్గా ఉంటే ఇక సెన్సర్ వైపు వెతకొచ్చు. వాడని చానళ్లను గ్రౌండ్‌కు షార్ట్ చేయండి, లేకపోతే పక్క చానల్ నీడ వాటిలో కనిపించి టెన్షన్ పెడుతుంది. యూపీఎస్ మీద పీసీ ఒక్కటే ఉంటే చాలదు. సెన్సర్ల సప్లై దాని మీద లేకపోతే, కరెంటు పోయాక కూడా రికార్డింగ్ దర్జాగా నడుస్తుంది, ఫైలు నిండా చెత్త అంకెలతో.

తర్వాత అన్ని మోటార్లూ ఆన్ చేసి గంటసేపు రిహార్సల్ నడపండి. ఖాళీ ల్యాబులో చేసిన టెస్టుకు విలువ లేదు.

ఇన్ని చేసినా పొద్దున ఆగిపోయి కనిపిస్తే, రీస్టార్ట్ మీదికి చెయ్యి పోనివ్వకండి. ఎర్రర్ నంబరు ఫోటో తీసుకోండి, బాక్సు లైటు వెలుగుతోందా చూడండి, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి డేటా ఆగిన నిమిషం దగ్గర ఏం రాసి ఉందో చదవండి.