క్లిక్‌లు ఉన్నాయి, ఎంక్వైరీలు లేవు: ల్యాండింగ్ పేజీలో లోపాన్ని పట్టుకోవడం ఎలా?

యాడ్‌కు డబ్బు ఖర్చవుతున్నా ఫోన్ మోగకపోతే చాలామంది ముందు బడ్జెట్ పెంచుతారు, లేదంటే యాడ్ మార్చేస్తారు. ఆ రెండింటికీ ముందు, యాడ్ నొక్కిన మనిషి ఎక్కడ వెనుదిరుగుతున్నాడో తెలుసుకోవాలి. ల్యాండింగ్ పేజీ, అంటే యాడ్ నొక్కితే వచ్చే పేజీ, తెరుచుకోకముందే వెళ్లిపోయేవారికి, చదివి వెళ్లిపోయేవారికి, ఫారం దగ్గర ఆగిపోయేవారికి కారణాలు వేర్వేరుగా ఉంటాయి.

సమస్య 1: క్లిక్‌ల కంటే పేజీ చూసినవారు చాలా తక్కువ

మెటా యాడ్స్‌లో లింక్ క్లిక్‌లు, ల్యాండింగ్ పేజీ వ్యూలు అనే రెండు కాలమ్‌లను పక్కపక్కన పెట్టి చూడండి. కొద్దిపాటి తేడా మామూలే. తేడా పెద్దదైతే పిక్సెల్ (పేజీ చూసినవారిని లెక్కించే కోడ్) సరిగా పనిచేయకపోవడమో, పేజీ ఆలస్యంగా తెరుచుకోవడమో కారణం కావచ్చు. ఆఫీసు వైఫైలో కాకుండా, ఒక మామూలు ఫోన్‌లో మొబైల్ డేటాతో పేజీ తెరిచి చూస్తే ఆలస్యం మీకే అర్థమవుతుంది. పేజీ వేగాన్ని పరీక్షించే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో ఎల్‌సీపీ, అంటే తెరపైని ప్రధాన భాగం కనిపించడానికి పట్టే సమయం, 2.5 సెకన్లు దాటకూడదు. డిజైనర్ ఇచ్చిన భారీ బ్యానర్‌ను అలాగే పెట్టేయడం తరచుగా కనిపించే తప్పు. దాన్ని తెర వెడల్పుకు తగ్గించి వెబ్‌పీ అనే తక్కువ సైజు చిత్ర రూపంలోకి మార్చండి. తెలుగు ఫాంట్ లోడయ్యేదాకా అక్షరాలు కనబడకపోతే, అప్పటివరకు ఫోన్‌లో ఉన్న ఫాంట్‌నే చూపేలా సెట్ చేయమని డెవలపర్‌కు చెప్పండి.

సమస్య 2: పేజీ తెరిచిన వెంటనే వెళ్లిపోతున్నారు

యాడ్‌లో చెప్పినది పేజీలో కనబడకపోవడమే దీనికి ముఖ్య కారణం. "అరకిలో ఆవకాయ, అమెరికాకు పంపుతాం" అన్న యాడ్ నొక్కిన వ్యక్తికి స్వీట్లు, పొడులు, పండుగ ఆఫర్లు ఉన్న హోమ్ పేజీ తెరుచుకుంటే, ఆవకాయ ఎక్కడుందో వెతికే ఓపిక ఎవరికి ఉంటుంది? యాడ్‌లోని మాటలే శీర్షికగా, ధర, రవాణా ఖర్చు, ఎన్ని రోజుల్లో అందుతుందో మొదటి తెరపైనే కనిపించాలి. తెలుగు యాడ్ చూసి వచ్చినవారికి పేజీ కూడా తెలుగులోనే ఉండాలి. యాడ్ నాణ్యతకు గూగుల్ యాడ్స్ ఇచ్చే క్వాలిటీ స్కోర్‌లోని మూడు అంశాల్లో ల్యాండింగ్ పేజీ అనుభవం ఒకటి; అక్కడ "సగటు కంటే తక్కువ" అని ఉంటే ఈ పొంతనను ముందుగా పరీక్షించండి.

సమస్య 3: చదువుతున్నారు, ఫారం మాత్రం నింపడం లేదు

పచ్చళ్ల వ్యాపారి ఒకరి పేజీని పరిశీలించినప్పుడు నేను చూసిన లోపం ఇది. అమెరికా నుంచి అడపాదడపా ఎంక్వైరీలు వస్తుండడంతో ఫారం బాగానే ఉందని అందరూ నమ్మారు. తీరా చూస్తే, ఫోన్ నంబరు గడి 6, 7, 8, 9 అంకెలతో మొదలయ్యే పదంకెల నంబర్లనే, అంటే భారతీయ మొబైల్ నంబర్లనే, తీసుకునేలా రాసి ఉంది. డాలస్‌లో 972తో మొదలయ్యే నంబరు ఆ నిబంధన దాటిపోతుంది. అదే ఊళ్లోని 214, 469 నంబర్లు, శాన్ హోసేలోని 408 నంబరు దాటలేవు. పైగా "నంబరు సరికాదు" అన్న సందేశం ఫోన్ కీబోర్డు వెనుక దాగిపోయేది. కొందరికి పనిచేసి కొందరికి పనిచేయని ఇలాంటి లోపం, అసలే పనిచేయని ఫారం కంటే ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఎవరికీ అనుమానం రాదు. దేశం కోడ్ ఎంచుకునే గడి పెట్టండి, తప్పు చూపే సందేశాన్ని గడి పైన ఉంచండి, పేరు, ఫోన్ తప్ప మిగతావి ఆర్డర్ సమయంలో అడగండి.

సమస్య 4: ఎంక్వైరీలు వస్తున్నా రిపోర్టులో లేవు, లేదా రెట్టింపు కనిపిస్తున్నాయి

"ధన్యవాదాలు" పేజీ తెరుచుకోవడాన్ని కన్వర్షన్‌గా, అంటే యాడ్ వల్ల వచ్చిన ఫలితంగా, పెట్టుకుని, ఫారం మాత్రం అదే పేజీలో సందేశం చూపిస్తే లెక్క సున్నాగానే ఉంటుంది. అప్పుడు ఫారం పంపిన చర్యను (ఈవెంట్‌ను) లెక్కించాలి. ధన్యవాదాల పేజీని రీఫ్రెష్ చేయడం వల్ల లెక్క పెరుగుతుంటే, గూగుల్ యాడ్స్‌లో ఎంక్వైరీ కన్వర్షన్ లెక్కింపును "ప్రతి ఒక్కటి" నుంచి "ఒకటి"కి మార్చండి. మార్పు చేశాక మీ ఫోన్ నుంచి ఒక ఎంక్వైరీ పంపి, అది గూగుల్ అనలిటిక్స్ రియల్‌టైమ్ రిపోర్టులో ఒక్కసారే నమోదైందని చూసుకున్న తరువాతే యాడ్‌ను మళ్లీ ఆన్ చేయండి.