క్రోన్స్, కోలైటిస్‌తో కొత్త దేశానికి వచ్చారా? తిండి విషయంలో కొన్ని సూచనలు

దేశం మారి వచ్చిన మొదటి నెలంతా నేను అన్నం, ఉడికించిన బంగాళాదుంప, గుడ్డు, అరటిపండు, ఈ నాలుగింటి మీదే బతికాను. క్రోన్స్, కోలైటిస్ రెండూ పేగుల్లో మంట, పుండ్లు తెచ్చే దీర్ఘకాలిక జబ్బులు. నాకున్నది క్రోన్స్, అప్పటికి అదుపులోనే ఉంది. అయినా ఏం తింటే ఏమవుతుందోనని ఒకటే టెన్షన్. నెల తిరిగేసరికి ఐదు కిలోలు తగ్గాను. జబ్బు ముదిరిందేమోనని పరీక్షలు చేయించుకుంటే పేగులో మంట ఏమీ పెరగలేదు. నేను సరిగ్గా తినకపోవడమే కారణం.

అందుకే కొత్తగా వచ్చినవాళ్లకు ముందుగా ఈ మాట చెబుతాను. పథ్యం జబ్బు రేగిన రోజులకి. తగ్గిన రోజుల్లో కూడా దాన్నే పట్టుకుని కూర్చుంటే ఒంట్లో సత్తువ పోతుంది. ఈ జబ్బులో ఐరన్, బి12, విటమిన్ డి తగ్గడం మామూలే. బి12ని ఒంటికి పట్టించేది చిన్నపేగు చివరి భాగం. క్రోన్స్ ఎక్కువగా దెబ్బతీసేదీ, ఆపరేషన్‌లో తరచుగా తీసేసేదీ అదే చోటు. దానికి తోడు తిండి కూడా తగ్గించేస్తే ఇంక చెప్పేదేముంది?

విరేచనాలు, నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో పీచు తగ్గించి, మెత్తగా ఉడికినవి కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి. నీళ్లతో పాటు ఓఆర్ఎస్ కూడా తాగండి. తగ్గాక మాత్రం ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టాలి. పేగు ఎక్కడైనా సన్నబడిందని డాక్టర్ చెప్పినవాళ్ల సంగతి వేరు. పాప్‌కార్న్, గింజలు, పచ్చి కూరగాయలు, తొక్కతో తినే పండ్లు అక్కడ అడ్డుపడే ప్రమాదం ఉంది. తగ్గిన రోజుల్లో కూడా డాక్టర్‌ని అడగకుండా వాటి జోలికి పోవద్దు.

అందరికీ పనికొచ్చే ఒకే లిస్టు ఈ జబ్బుకి లేదు. నాకు పడింది మీకు పడకపోవచ్చు. అందుకే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. నా పాత నోట్‌బుక్‌లో ఒక పేజీలో ఇలా ఉంది: “మంగళవారం రాత్రి బయట పాలకూర సూప్, సగం గిన్నె. పదకొండింటికి ఉబ్బరం, రెండుసార్లు విరేచనం. బుధవారం మామూలే.” ఆ రోజే పాలకూర పడదని కొట్టేశాను. మూడు వారాల తర్వాత అనుమానం వచ్చి అదే సూప్ ఇంట్లో క్రీమ్ లేకుండా చేసుకున్నాను. ఏమీ కాలేదు. పడనిది క్రీమ్ అన్నమాట. రాసుకోకపోయి ఉంటే ఆకుకూరలన్నీ మానేసేదాన్ని. కొత్తది ఏదైనా ముందు ఇంట్లో, మర్నాడు సెలవున్న రోజు, కొద్దిగా తిని చూడండి. ఒకేసారి రెండు కొత్తవి వద్దు, ఏది పడలేదో తెలియకుండా పోతుంది. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్, మిఠాయిల ప్యాకెట్ మీద సార్బిటాల్ (చక్కెర బదులు తీపి కోసం వేసేది) అని ఉందేమో చూడండి. ఎక్కువైతే అది ఎవరికైనా విరేచనాలు తెప్పిస్తుంది.

ఇక బయట తినడం. సర్వర్‌కి జబ్బు పేరు చెబితే పెద్దగా ఉపయోగం ఉండదు. చాలామంది ఐబీడీని (క్రోన్స్, కోలైటిస్‌లకి కలిపి వాడే పేరు) ఐబీఎస్ (పేగు దెబ్బతినకుండానే కడుపునొప్పి, విరేచనాలు వచ్చే వేరే సమస్య) అనుకుంటారు, లేదంటే గోధుమ పడదనుకుంటారు. వంటవాళ్లకి కావలసింది ఏం వేయకూడదో, ఎలా వండాలో. నేను ఒక చీటీ రాసి, అక్కడి భాష బాగా వచ్చిన సహోద్యోగితో దిద్దించుకున్నాను: “నాకు పేగు జబ్బు ఉంది. కారం, క్రీమ్, పచ్చి కూరగాయలు, గింజలు వద్దు. ఆవిరి మీద ఉడికించినవి, నూనె తక్కువగా కాల్చినవి తినగలను. సాస్ విడిగా ఇవ్వండి.” ఫోన్‌లో అనువాదం చూపించడం కంటే ఇది నయం. మీకు అలర్జీ లేకపోతే అలర్జీ అని చెప్పకండి. ఆ మాట వినగానే కొన్నిచోట్ల అసలు వడ్డించం అనేస్తారు.

రద్దీ లేని వేళకి వెళ్లండి, వంటవాళ్లకి మీ మాట వినే తీరిక ఉంటుంది. మెనూ ముందే చూసుకోండి. మరీ ఆకలి మీద వెళ్లొద్దు, కంగారులో ఏదో ఒకటి ఆర్డర్ చేస్తాం. కూర్చునే ముందే టాయ్‌లెట్ ఎక్కడుందో చూసి పెట్టుకోండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కొన్ని దేశాల్లో రోగుల సంఘాలు టాయ్‌లెట్ అత్యవసరమని చూపించే కార్డు ఇస్తాయి. మీరున్న చోట ఉందేమో కనుక్కోండి.

అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి, రోగనిరోధక శక్తిని అణిచిపెట్టే మందులు వాడేవాళ్లకి ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా అంటుకుంటుంది. పచ్చి చేప, సగం ఉడికిన మాంసం, పచ్చి గుడ్డు వేసిన సాస్‌లు, పాశ్చరైజ్ చేయని పాలు, వాటితో చేసిన చీజ్ మానేయండి. గంటల తరబడి బయట ఉన్న బఫే వంటకాలు కూడా వద్దు.

మందుల పేర్లు దేశాన్ని బట్టి మారతాయి. ఈ జబ్బుకి వాడే మందునే తీసుకోండి, ఒకచోట మెసలజీన్ అనేదాన్నే అమెరికాలో మెసలమీన్ అంటారు. కాబట్టి కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు, డోసు రాసిపెట్టుకోండి. తలనొప్పి వస్తే షాపులో దొరుకుతుంది కదా అని ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు, అది జబ్బును రేపవచ్చు. పారాసిటమాల్ మేలు. అమెరికాలో దాని పేరు అసిటమినోఫెన్.

వచ్చిన కొత్తలో విరేచనాలు పట్టుకుంటే జబ్బే తిరగబెట్టిందని మీ అంతట మీరు స్టెరాయిడ్ మొదలుపెట్టకండి. అది నీళ్ల వల్లో తిండి వల్లో వచ్చిన ఇన్‌ఫెక్షన్ కూడా కావచ్చు. మలపరీక్షలో తేలుతుంది. డాక్టర్‌ని అడగకుండా విరేచనాలు ఆపే మాత్ర కూడా వద్దు. కోలైటిస్ తీవ్రంగా ఉన్నప్పుడు అది ప్రమాదం.

రక్తం ఎక్కువగా పడుతున్నా, విరేచనాలతో జ్వరం వచ్చినా, కడుపు బిగుసుకుపోయి వాంతులవుతూ గ్యాస్ కూడా పోకపోయినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. పాత కొలనోస్కోపీ రిపోర్టు, మందుల చీటీ ఉన్న ఫైలు చేతికందే చోట పెట్టుకోండి.